ఎదురుచూపుకు గడువు ఉండాలి

14 నిండినా అబ్బాయిలో యుక్తవయస్సు ఛాయలు కనబడలేదని, 13 దాటినా అమ్మాయికి రొమ్ములు రాలేదని ఇంట్లోవాళ్లు డాక్టరు దగ్గరికి తీసుకెళితే చాలాసార్లు వినబడే సమాధానం ఒకటే: "కంగారు పడకండి, కొందరికి ఆలస్యంగా వస్తుంది." ఇందులో అబద్ధం లేదు. చాలామంది విషయంలో చివరికి జరిగేదీ అదే. నా అభ్యంతరమల్లా ఆ మాట ఎప్పుడు చెబుతున్నారన్న దాని మీదే. ఎత్తు కొలవకముందే, ఒంటిని పరీక్షించకముందే, అమ్మానాన్నలు ఏ వయసులో ఎదిగారని అడగకముందే, బల్లకు అవతల కూర్చున్న పిల్లవాణ్ణి ఒకసారి ఎగాదిగా చూసి చెప్పే ధైర్యం వైద్యం కిందికి రాదు. పరీక్ష చేసి, కొలతలు రాసుకుని, మళ్లీ ఎప్పుడు రావాలో తేదీ వేసి చెప్పినప్పుడు అదే మాట చక్కని వైద్యం అవుతుంది.

ఈ విషయంలో నేను ఒడ్డున నిలబడి మాట్లాడటం లేదు. నేనూ ఆలస్యంగా ఎదిగినవాణ్ణే. 16 దాటాక గానీ నా గొంతు మారలేదు. అంతవరకూ ఇంట్లో ఫోను మోగితే నేను ఎత్తేవాణ్ణి కాదు, ఎత్తితే అవతలివాళ్లు "అమ్మా, నాన్నగారు ఉన్నారా?" అని అడిగేవారు. తరవాత అన్నీ వాటంతటవే వచ్చాయి, ఎత్తూ పెరిగాను. దాంతో మా ఇంట్లో అది "ఊరికే బెంగపడ్డాం" అనే కథగా స్థిరపడిపోయింది. ఆ కథతో నాకు పేచీ ఉంది. నాకు ఏ జబ్బూ లేదని కాలం తేల్చింది తప్ప ఎవరూ చూసి తేల్చలేదు. అదే వయసులో, అదే ఎత్తుతో, అదే సన్నని గొంతుతో ఉన్న మరో కుర్రాడికి మెదడు నుంచి రావలసిన హార్మోను సంకేతం ఎప్పటికీ రాకపోవచ్చు. పైకి చూస్తే మా ఇద్దరికీ తేడా తెలియదు. నాకు మంచే జరిగింది గనక నన్ను పరీక్షించకపోవడం కూడా మంచిదేనని ఒప్పుకుంటే ఆ రెండో కుర్రాడికి అన్యాయం చేసినట్టే.

వైద్యులు గీసుకున్న గీత ఇది. 13 ఏళ్లకు రొమ్ముల ఎదుగుదల మొదలుకాని అమ్మాయి, 14 ఏళ్లకు వృషణాల పరిమాణం 4 మిల్లీలీటర్లకు చేరని అబ్బాయి యుక్తవయస్సు ఆలస్యమైన పిల్లల లెక్కలోకి వస్తారు. 100 మందిలో సుమారు ఇద్దరు ఈ గీతకు అవతల ఉంటారు. మొదలైతే చాలదు, ముందుకు సాగాలి కూడా. 15 ఏళ్లు వచ్చినా, లేదా రొమ్ములు రావడం మొదలై మూడేళ్లు గడిచినా రజస్వల కాని అమ్మాయిని కూడా డాక్టరుకు చూపించవలసిందే.

అబ్బాయిల విషయంలో చాలామందికి తెలియని సంగతి ఒకటుంది. యుక్తవయస్సు మొదలైందనడానికి మగపిల్లల్లో మొదటి గుర్తు మీసమూ కాదు, గొంతూ కాదు. వృషణాలు పెరగడం. మిగతావన్నీ దాని వెనకే వస్తాయి. ఎత్తు జోరుగా పెరగడమైతే మరీ ఆలస్యం, వృషణాలు 10, 12 మిల్లీలీటర్లకు చేరాక. అమ్మాయిల్లో ఇది తారుమారు. వాళ్లలో ఎత్తు పెరిగే జోరు తొలి దశలోనే వచ్చి, రజస్వల అయ్యేసరికి చాలావరకు ముగుస్తుంది. ఒకే తరగతిలో ఆడపిల్లలు ముందు పొడుగై, మగపిల్లలు వెనకబడినట్టు కనిపించేది ఇందుకే. ఇక మర్మాంగాల దగ్గర వచ్చే వెంట్రుకలు తప్పుదోవ పట్టించగలవు. అవి మూత్రపిండాల మీద ఉండే అడ్రినల్ గ్రంథుల పని. అండాశయాలూ వృషణాలూ ఇంకా నిద్రలోనే ఉన్నా ఆ వెంట్రుకలు రావచ్చు. "వెంట్రుకలు వచ్చేశాయి కదా, ఇక భయం లేదు" అని ఊరుకోవడం అందుకే సరికాదు.

మా అన్నయ్య కొడుక్కి పద్నాలుగున్నర ఏళ్లప్పుడు నేనే తోడు వెళ్లాను. అక్కడ చూసిన పరికరం గురించి చెప్పాలి. గుడ్డు ఆకారంలో ఉన్న పన్నెండు పూసలు, చిన్నదాని నుంచి పెద్దదాని వరకు ఒక తాడుకు వరసగా కట్టి ఉన్నాయి. ఒక్కొక్క దాని మీద ఒక అంకె: 1 నుంచి 6 వరకు వరసగా, ఆపైన 8, 10, 12, 15, 20, 25. స్విట్జర్లాండ్‌లోని జ్యూరిక్‌లో పనిచేసిన పిల్లల వైద్యుడు ఆండ్రియా ప్రాడెర్ 1966లో రూపొందించిన కొలమానం ఇది. పేరు ఆర్కిడోమీటర్. కరెంటు అక్కర్లేదు, రక్తం తీయనక్కర్లేదు. ఒక చేత్తో వృషణాన్ని తాకి చూస్తూ, రెండో చేత్తో దానికి సరిపోయే పూసను పట్టుకోవడమే పరీక్ష.

ఆ డాక్టరు గారు ముందు ఆ దండను మావాడి చేతిలో పెట్టారు. దేనికో, ఎలా చూస్తారో చెప్పారు. "బాబాయి లోపల ఉండాలా, బయట ఉండాలా? నీ ఇష్టం" అని వాణ్ణే అడిగారు. వాడు నా వంక చూసి, "మీరు బయట ఉండండి బాబాయ్" అన్నాడు. రెండు నిమిషాల తరవాత నన్ను లోపలికి పిలిచి, నాతో కాదు, వాడితోనే అన్నారు: "5 మిల్లీలీటర్లు. మొదలైంది బాబూ. నీకు ఇంకా కనబడటం లేదు, అంతే." ఆరు నెలలుగా అద్దం ముందు నిలబడి పై పెదవిని వెతుక్కుంటున్న పిల్లవాడికి ఆ అంకె ఎంత ఊరటో వాడి ముఖం చూసి తెలుసుకున్నాను.

ఇంత సులువైన పరీక్ష చాలాచోట్ల జరగకుండానే పోతోంది. అసలు కారణం సిగ్గు, అదీ పెద్దవాళ్ల సిగ్గు. పిల్లవాడు ఇబ్బంది పడతాడని పైకి అంటాం గానీ, ఎందుకు చూడాలో చెప్పి, అనుమతి అడిగి, తలుపు వేసి, గౌరవంగా చూసే డాక్టరు దగ్గర ఇబ్బంది పడే పిల్లలకన్నా, ఎవరూ చూడకపోవడం వల్ల ఏళ్ల తరబడి లోలోపల కుమిలే పిల్లలే ఎక్కువని నా నమ్మకం. అమ్మాయిల విషయంలోనూ అంతే. బట్టల మీంచి చూసి రొమ్ములు వచ్చాయనో రాలేదనో తేల్చలేరు. ఒళ్లున్న పిల్లల్లో కొవ్వు రొమ్ములా కనిపిస్తుంది, సన్నని పిల్లల్లో చనుమొన కింద మొదలైన చిన్న గడ్డ కంటికి ఆనదు. తాకి చూస్తేనే తెలుస్తుంది.

అడగవలసిన ప్రశ్నలు కూడా ఖరీదైనవి కావు. అమ్మ ఎప్పుడు రజస్వల అయింది? నాన్న ఏ వయసులో గడ్డం గీసుకోవడం మొదలుపెట్టాడు? ఏ వయసు దాకా ఎత్తు పెరిగాడు? ఏ జబ్బూ లేకుండా ఆలస్యంగా ఎదిగే పిల్లల్లో సగానికి పైగా ఇళ్లలో అమ్మకో నాన్నకో అదే చరిత్ర ఉంటుంది. తిండి సరిగా తింటున్నారా, బరువు తగ్గారా, తరచూ విరేచనాలా, కడుపునొప్పా? క్రీడల శిక్షణ మరీ ఎక్కువా? తలనొప్పి, చూపు మసకబారడం ఉన్నాయా? పుట్టినప్పుడు వృషణాలు కిందికి దిగాయా?

ఇంకొక ప్రశ్న ఉంది. విన్నవాళ్లకు ఈ సమస్యతో ఏ సంబంధమూ లేనట్టు అనిపిస్తుంది. "నీకు వాసన తెలుస్తుందా?" గర్భంలో పిండం ఎదిగేటప్పుడు, యుక్తవయస్సును నడిపించే జీఎన్ఆర్‌హెచ్ హార్మోనును తయారుచేసే కణాలు మెదడులో పుట్టవు. ముక్కు ఏర్పడే చోట పుట్టి, వాసన నరాల దారి పట్టుకుని మెదడులోని హైపోథలమస్‌కు చేరతాయి. ఆ ప్రయాణం మధ్యలో ఆగిపోతే రెండు లోపాలు ఒకేసారి వస్తాయి. వాసన తెలియదు, యుక్తవయస్సు రాదు. దీన్ని కాల్‌మన్ సిండ్రోమ్ అంటారు. ఫ్రాంజ్ కాల్‌మన్ 1944లో కుటుంబాల్లో ఇది వారసత్వంగా రావడాన్ని వివరించాడు. పుట్టుకతో వాసన తెలియని పిల్లలకు తమకు అది లేదన్న సంగతే తెలియకపోవచ్చు. కాఫీ పొడినీ సబ్బునూ కళ్లు మూసి వాసన చూడమంటే సగం నిమిషంలో బయటపడే విషయం, ఎవరూ అడగక 20 ఏళ్లు దాటేదాకా మరుగున ఉండిపోతే ఆ మనిషి కోల్పోయే కాలాన్ని ఎవరు తిరిగి ఇస్తారు?

ఎడమ చేతి ఎక్స్‌రే గురించి ఒక హెచ్చరిక. మణికట్టు, వేళ్ల ఎముకల చివర్లలో ఉండే పెరిగే పొరలను ప్రామాణిక చిత్రాలతో పోల్చి ఎముకల వయసు చెబుతారు. 15 ఏళ్ల కుర్రాడి ఎముకలు 12 ఏళ్లవిలా ఉంటే ఎదగడానికి ఇంకా చోటుందని అర్థం. నిజంగా మంచి కబురే. అయితే, ఎముకలు వెనకబడి ఉన్నాయి కాబట్టి జబ్బేమీ లేదని తీర్మానించడం మాత్రం తప్పు. థైరాయిడ్ లోపంలోనూ, ఎదుగుదల హార్మోను లోపంలోనూ, పోషకాలు ఒంటపట్టని జబ్బుల్లోనూ, కాల్‌మన్‌లోనూ ఎముకల వయసు వెనకే ఉంటుంది. ఎంత చోటు మిగిలిందో ఎక్స్‌రే చెబుతుంది, ఎందుకు మిగిలిందో చెప్పదు. దానికన్నా నేను ఎక్కువ విలువ ఇచ్చేది పాత ఎత్తుల కొలతలకు. యుక్తవయస్సుకు ముందు పిల్లలు ఏడాదికి 4 నుంచి 6 సెంటీమీటర్లు పెరుగుతారు. ఆలస్యంగా ఎదిగే పిల్లలు పొట్టిగా ఉన్నా ఎత్తుల పట్టికలో తమ గీత వెంబడి నెమ్మదిగా పెరుగుతూనే ఉంటారు. గీత వదిలి కిందికి జారుతున్న పిల్లవాడి కథ వేరు. బడిలో ఏటా కొలిచే ఎత్తును ఎవరైనా ఒక పుస్తకంలో రాసి ఉంచితే అది సగం రోగనిర్ధారణ.

ఉదయం పూట తీసే రక్త పరీక్షలో ముఖ్యమైనవి, మెదడు అడుగున ఉండే పీయూష గ్రంథి అండాశయాలకూ వృషణాలకూ పంపే ఎల్‌హెచ్, ఎఫ్ఎస్‌హెచ్ హార్మోన్లు. వినపడని మనిషితో గొంతు పెంచి మాట్లాడినట్టు, అండాశయాలో వృషణాలో పలకనప్పుడు పీయూష గ్రంథి ఈ హార్మోన్లను బాగా ఎక్కువగా పంపుతుంది. అప్పుడు క్రోమోజోముల పరీక్ష చేయాలి. అమ్మాయిల్లో ఒక ఎక్స్ క్రోమోజోము లోపించే టర్నర్ సిండ్రోమ్, అబ్బాయిల్లో ఒక ఎక్స్ క్రోమోజోము అదనంగా ఉండే క్లైన్‌ఫెల్టర్ సిండ్రోమ్ బయటపడేది అక్కడే. రెండో రకం చిక్కుముడి. ఎల్‌హెచ్, ఎఫ్ఎస్‌హెచ్ రెండూ తక్కువగా ఉంటే అది ఆలస్యమే కావచ్చు, శాశ్వత లోపమూ కావచ్చు. 14 ఏళ్ల వయసులో ఈ రెండింటినీ ఒక్క పరీక్షతో కచ్చితంగా వేరుచేయడం నేటికీ సాధ్యం కాదు. వృషణాలు తయారుచేసే ఇన్హిబిన్ బి అనే హార్మోనును కొలవడం వంటి పరీక్షలు కొంత సాయపడతాయి, అంతే. అందుకే కొన్నిసార్లు కాలమే పరీక్ష అవుతుంది. వేచి చూడటాన్ని నేను మొత్తంగా తోసిపుచ్చనిది ఇందుకే. 18 ఏళ్లు వచ్చినా మొదలుకాకపోతే శాశ్వత లోపమనే సాధారణంగా భావిస్తారు. ఆ నాలుగేళ్లూ ఆరు నెలలకోసారి కొలుస్తూ గడపడం వేరు, కళ్లు మూసుకుని గడపడం వేరు.

అమ్మాయిల విషయంలో "ఆలస్యంగా వస్తుందిలే" అనే మాట ఇంకా ప్రమాదకరం. అమెరికాలోని ఒక పెద్ద పిల్లల ఆసుపత్రి వైద్యులు తాము చూసిన 232 మంది పిల్లల వివరాలను 2002లో ప్రచురించారు. ఏ జబ్బూ లేని ఆలస్యం అబ్బాయిల్లో 63 శాతం, అమ్మాయిల్లో 30 శాతమే. అంటే అక్కడికి వచ్చిన ప్రతి పదిమంది అమ్మాయిల్లో ఏడుగురికి వెతకవలసిన కారణం ఉంది. అబ్బాయిలకు సరిపోయే ఊరటను అమ్మాయిలకు అలాగే చెప్పేయడం ఎంత తప్పో ఈ లెక్క చెబుతుంది. టర్నర్ సిండ్రోమ్ సుమారు 2,000 నుంచి 2,500 మంది ఆడపిల్లల్లో ఒకరికి ఉంటుంది. పొట్టిగా ఉన్న అమ్మాయిలో రొమ్ములు రాకపోతే ముందుగా అనుమానించవలసింది దాన్నే. అది తెలియడం ఆలస్యమైతే పోయేది యుక్తవయస్సు ఒక్కటే కాదు. ఎత్తు పెరగడానికి ఇచ్చే గ్రోత్ హార్మోను ఎంత ముందు మొదలుపెడితే అంత ఫలితం ఇస్తుంది. గుండె కవాటంలోనూ, బృహద్ధమనిలోనూ లోపాలు ఉండే అవకాశం ఎక్కువ కాబట్టి గుండె స్కాన్ తీయాలి. మూత్రపిండాలను చూడాలి. పదేళ్లప్పుడే "ఈ పిల్ల ఎందుకింత పొట్టి?" అని ఎవరైనా గట్టిగా అడిగి ఉంటే దొరికేది 16 ఏళ్లకు దొరికితే, మధ్య ఆరేళ్లలో చేయగలిగిన సాయం చేజారినట్టే.

మరికొందరిలో లోపం హార్మోన్ల వ్యవస్థలో ఉండదు, ఒళ్లు దానికి అనుమతి ఇవ్వదు. గోధుమల్లోని గ్లూటెన్ పడని సీలియాక్ వ్యాధి, పేగుల్లో వాపు, అదుపులో లేని థైరాయిడ్ లోపం, మూత్రపిండాల జబ్బు, తిండి మానేసే మానసిక సమస్య. వీటిలో అసలు జబ్బుకు చికిత్స జరిగితే యుక్తవయస్సు దానంతటదే దారిలో పడుతుంది. తరచూ రక్తం ఎక్కించుకునే తలసీమియా పిల్లల సంగతి వేరు. ఇనుము పీయూష గ్రంథిలో పేరుకుపోతే వాళ్లకు హార్మోన్లే ఇవ్వవలసి రావచ్చు.

ఇక చికిత్స. ఏ జబ్బూ లేదని తేలిన అబ్బాయికి మందు ఎందుకన్నది తరచూ వినబడే వాదన. ఎలాగూ వచ్చేదే కదా, సహజమైనదాన్ని రోగంగా మార్చడం ఎందుకు? ఆ భయంలో న్యాయం ఉంది. మందు వద్దు, నేను ఆగగలను అని చెప్పే కుర్రాడికి ఇంజెక్షన్ ఇవ్వనక్కర్లేదు. కానీ స్నేహితులతో బట్టలు మార్చుకోవలసి వస్తుందని ఆటలు మానేసినవాడు, బడికి వెళ్లనని మొండికేసేవాడు, అందరిలో నోరు విప్పడం మానుకున్నవాడు ఎదురుగా కూర్చున్నప్పుడు, ఆ బాధే చికిత్సకు తగిన కారణమని నేను అంటాను. 14, 15, 16 ఏళ్ల వయసు మళ్లీ రాదు. మనిషి తన గురించి తాను ఒక అభిప్రాయం ఏర్పరచుకునే ఏళ్లవి.

ఆ చికిత్స జనం ఊహించుకునేంత భయంకరమైనదీ కాదు. నెలకోసారి మగ హార్మోను టెస్టోస్టిరాన్ 50 మిల్లీగ్రాముల ఇంజెక్షన్, మూడు నుంచి ఆరు నెలలు, తరవాత ఆపడం. పెద్దవాళ్లకు ఇచ్చే పూర్తి మోతాదు రెండు మూడు వారాలకోసారి 200 నుంచి 250 మిల్లీగ్రాములు. అంటే ఇది అందులో చిన్న వంతు. గొంతు కొంచెం మారుతుంది, ఎత్తు అందుకుంటుంది, ఒంట్లో కండ వస్తుంది. ఇందులో నాకు బాగా నచ్చిన సంగతి ఒకటుంది. బయటి నుంచి ఇచ్చిన టెస్టోస్టిరాన్ వృషణాలను పెంచదు. కాబట్టి మందు ఆపాక వృషణాలు పెరిగినట్టు తేలితే, అది శరీరం సొంతంగా చేసుకున్న పని. ఈ విధంగా చికిత్సే నిర్ధారణకు కూడా దారి చూపుతుంది. పెరగకపోతే మరో విడత ఇచ్చి చూస్తారు. అప్పటికీ కదలిక లేకపోతే శాశ్వత లోపం వైపు అనుమానం బలపడుతుంది.

"ఎముకలు ముందే మూసుకుపోయి ఎత్తు ఆగిపోతుందేమో" అనే భయం గురించి. ఎముకల చివరి పొరలను మూసేది మగవాళ్లలో కూడా ఆడ హార్మోనని పేరున్న ఈస్ట్రోజనే. టెస్టోస్టిరాన్‌లో కొంత భాగం ఒంట్లో ఈస్ట్రోజన్‌గా మారుతుంది. ఈస్ట్రోజన్ పనిచేయని ఒక మగమనిషి గురించి 1994లో అమెరికా వైద్యులు రాశారు. 28 ఏళ్ల వయసులో 204 సెంటీమీటర్ల ఎత్తు ఉండి, అతను ఇంకా పెరుగుతూనే ఉన్నాడు. కనుక పెద్ద మోతాదులు, తప్పు వయసులో, ఏళ్ల తరబడి ఇస్తే ఎత్తు తగ్గే ప్రమాదం నిజమే. పైన చెప్పిన చిన్న మోతాదులు కొద్ది నెలలు ఇస్తే చివరి ఎత్తు తగ్గదు. వ్యాయామశాలల్లో చేతులు మారే స్టెరాయిడ్లు, ఎత్తు పెంచుతామనే పొడులు, టానిక్కులు వేరే సంగతి. వాటిని పిల్లల దరిదాపులకు రానివ్వకండి.

అమ్మాయిలకు ఈస్ట్రోజన్ రకమైన ఈస్ట్రడయాల్‌ను చాలా చిన్న మోతాదులో, మాత్రగానో చర్మం మీద అంటించే ప్యాచ్‌గానో మొదలుపెట్టి, రెండు మూడేళ్లలో నెమ్మదిగా పెంచుతారు. సుమారు రెండేళ్ల తరవాత, లేదా రక్తస్రావం కనబడితే, నెలసరి క్రమంగా రావడానికి ప్రొజెస్టిరాన్ అనే మరో హార్మోను చేరుస్తారు. ఈ నెమ్మదితనం సహజంగా జరిగే దాన్ని అనుసరించడం కోసం. దీనికి బదులు గర్భనిరోధక మాత్రలు రాసి "నెలసరి వస్తోంది కదా" అని సరిపెట్టడం నాకు కోపం తెప్పించే పని. ఆ మాత్రల్లో ఈస్ట్రోజన్ బలం ఎక్కువ, ప్రొజెస్టిరాన్ తరహా హార్మోను మొదటి రోజు నుంచీ ఉంటుంది. రొమ్ములు సరిగా రూపుదిద్దుకోవు. నెలసరి తెప్పించడం ఈ చికిత్సలో చివరి మెట్టు. రొమ్ములు, గర్భాశయం, ఎముకల బలం అంతకుముందే సమకూరాలి.

శాశ్వత లోపమని తేలిన పిల్లలతో మాట్లాడవలసిన విషయం ఇంకొకటి ఉంది. దాన్ని పెళ్లి వయసు దాకా వాయిదా వేయకూడదు. కాల్‌మన్ వంటి లోపాల్లో వృషణాలూ అండాశయాలూ చెడిపోవు, వాటికి ఆజ్ఞ అందదు, అంతే. మగవారికి టెస్టోస్టిరాన్ ఇస్తే గొంతూ కండా వస్తాయి గానీ వీర్యకణాలు తయారుకావు. పిల్లలు కావాలనుకున్నప్పుడు ఎల్‌హెచ్‌లా పనిచేసే హెచ్‌సీజీ, దానితో ఎఫ్ఎస్‌హెచ్ ఇంజెక్షన్లు నెలల తరబడి తీసుకుంటే చాలామందిలో వీర్యకణాలు వస్తాయి. ఆడవారిలోనూ ఇంజెక్షన్లతో అండం విడుదలయ్యేలా చేయవచ్చు. 16 ఏళ్ల పిల్లవాడికి ఇది ముందే చెబితే, తన గదిలో ఒంటరిగా వెతుక్కుని సగం సగం తెలుసుకుని హడలిపోయే పరిస్థితి రాదు. శాశ్వతమని అనుకున్నవారిలోనూ పదిమందిలో ఒకరికో ఇద్దరికో కొన్నేళ్ల చికిత్స తరవాత సొంత హార్మోన్లు పనిచేయడం మొదలవుతుంది. టెస్టోస్టిరాన్ తీసుకుంటున్న మనిషిలో వృషణాలు పెరుగుతూ కనిపించడం దానికి గుర్తు. అప్పుడు మందు కొంతకాలం ఆపి చూడాలి. ఆ సంగతి తెలియాలంటే పెద్దయ్యాక కూడా ఎవరో ఒకరు కొలుస్తూనే ఉండాలి. పిల్లల వైద్యుడి దగ్గర మొదలైన దస్త్రం 18 నిండగానే అక్కడే ఆగిపోకుండా, పెద్దల ఎండోక్రినాలజిస్టు (హార్మోన్ల వైద్యుడు) చేతికి అందే ఏర్పాటు చేయడం ఆ పిల్లల వైద్యుడి బాధ్యతే.